సభాపిరికి తప్పా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంలో నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో కూర్చునే పెద్దలు మాటమాటకీ తప్పు పడతారు. "నాకు సభాపిరికి ఉంది, అయినా జంకుబొంకు లేకుండా మాట్లాడతాను" అని మొదలుపెడదామనుకున్నాను. సభాపిరికి తప్పు, సభాకంపం అనాలన్నారు ఒక మాస్టారు. మా నాయనమ్మేమో "జడుసుకోకే" అంటోంది. ఏది సరైనది?

సమాధానం: నాయనమ్మ మాట బంగారం. 'జడియు' పాత క్రియ, కావ్యాల్లో ఉన్నదే. కాకపోతే జడుపు ఉన్నట్టుండి పుడుతుంది. చీకట్లో ఏదో కదిలితే జడుసుకుంటాం. మీ అవస్థ వారం ముందే మొదలైనట్టుంది.

సంస్కృతపు 'సభా'కు తెలుగు 'పిరికి'ని అతికిస్తే వైరిసమాసమని మాస్టారి అభ్యంతరం. వ్యాకరణం ఆయన పక్షమే. అయినా జనం నోట స్థిరపడ్డ మాట, నేనైతే దిద్దను. నా పేచీ వేరు. "నేను పిరికిదాన్ని" అంటాం గాని "నాకు పిరికి ఉంది" అనం. అది మనిషికి అంటుకుపోయే మాట. భయం అలా కాదు. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, భయమూ వేస్తుంది. వచ్చి, కాసేపుండి, పోతుంది. మైకు ముందు నాలుక పిడచకట్టుకుపోవడం, చేతిలో కాగితం టపటపలాడటం రెండో పేజీకి సర్దుకుంటాయి. వాటికోసం మిమ్మల్ని మీరే పిరికిదాన్నని చాటుకోవడం దేనికి?

కొత్తవాళ్ల ముందు కలిగేది బెరుకు, దానికి మొహమాటం కలిస్తే బిడియం. ఎవరేమంటారోనని నోటిదాకా వచ్చిన మాటను వెనక్కి లాగేది జంకు. మీది జంకే. టెన్షన్ అన్నా ఒప్పే, కానీ ఈ తేడాలన్నీ అందులో కలిసిపోతాయి.

మీ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు 1925లో తణుకు సభలో గ్రాంథికవాదుల ఎదుట వాడుక భాష తరఫున నాలుగు గంటలసేపు మాట్లాడారు. పాత గ్రంథాల్లోని ప్రయోగాలే తీసి చూపించారు. ఆయనకు చెవుడు కూడా. సభలో గొణుగుళ్లు వినబడకపోవడం కొంత కలిసొచ్చిందేమో!

కాబట్టి "కొంచెం జంకుగా ఉంది" అని మొదలుపెట్టండి. ఇక 'జంకుబొంకు' చాలామంది అనేదే గాని, అసలు జంట జంకూగొంకూ. గొంకడమంటే వెనకాడటం, బొంకడమంటే అబద్ధమాడటం. ముందు వరసవాళ్లు పట్టుకునేది సరిగ్గా అక్కడే.