పాఠకుల ప్రశ్నలు: ఫ్రెంచి విప్లవం, చర్చి, కొన్ని పుస్తకాలు

ప్రశ్న: ఫ్రెంచి విప్లవం గురించి ఈ మధ్య చదివిన రెండు పుస్తకాలు నాకు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మతాన్ని నిర్మూలించాలని కొందరు రచయితలు ముందే పన్నిన పథకం విప్లవంలో నెరవేరుతోందని బ్రిటిష్ రాజకీయవేత్త ఎడ్మండ్ బర్క్ అంటారు. మతంపై దాడి ఆ విప్లవానికి అసలు లక్ష్యమే కాదని ఫ్రెంచి రచయిత టోక్విల్ అంటారు. ఎవరి మాట నమ్మాలి?
(ఒక పాఠకురాలు, కాకినాడ)

సమాధానం: కారణాల విషయంలో టోక్విల్ మాటకే ఎక్కువ బలం ఉంది. అయితే ఆయన పుస్తకం ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకుని చదవాలి. పరలోకం గురించి చెప్పే మాటల వల్ల కాక, ఇహలోకంలో భూస్వామిగా, రైతు పంటలో దశమభాగం తీసుకునే హక్కుదారుగా, పన్నుల భారం తప్పించుకున్న వర్గంగా నిలబడినందువల్లే చర్చి జనాగ్రహానికి గురైందని ఆయన 1856లో వాదించారు. తూర్ నగరంలో భద్రపరిచిన పాత పరిపాలనా పత్రాలను స్వయంగా పరిశీలించి రాసిన పుస్తకం కాబట్టి ఆ వాదనకు ఇప్పటికీ విలువ తగ్గలేదు.

1789 నాటి సంఘటనలు కూడా ఆయన పక్షానే సాక్ష్యం చెబుతాయి. ఆ ఏడాది మే 5న వెర్సాయ్‌లో ప్రారంభమైన ఎస్టేట్స్ జనరల్‌కు, అంటే మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల (ఎస్టేట్ల) ప్రతినిధుల సభకు, మతాధికారుల తరఫున వచ్చిన దాదాపు 300 మంది ప్రతినిధుల్లో 200 మందికి పైగా ఊళ్లలో చర్చిలను చూసుకునే విచారణ గురువులే. వారిలో చాలామంది చాలీచాలని రాబడితో బతుకుతూ, బిషప్పుల వైభవాన్ని దూరం నుంచి చూస్తూ వచ్చినవారు. మూడవ ఎస్టేటే, అంటే సామాన్యులే, జాతి అని చాటిన ప్రసిద్ధ కరపత్రం రాసిన సియెస్ కూడా మతగురువే. జూన్ 13న ప్వాటూ ప్రాంతానికి చెందిన ముగ్గురు గురువులు తమ వర్గాన్ని విడిచి సామాన్య ప్రజల సభలోకి వెళ్లి కూర్చున్నారు. ఆ ముగ్గురూ ఏ ప్రాంతంవారో గుర్తుంచుకోండి, తర్వాతి ప్రశ్నలో ఆ ప్రాంతం మళ్లీ వస్తుంది.

మరి ఆ స్నేహం ఎక్కడ చెడింది? ఆగస్టులో దశమభాగాలు రద్దయ్యాయి. నవంబరు 2న చర్చి ఆస్తులన్నీ జాతి అధీనంలోకి వెళ్లాయి, ఆ ప్రతిపాదన తెచ్చిన టాలేరాన్ స్వయంగా బిషప్పు. ఇవి ఎందరినో బాధపెట్టినా విశ్వాసులను రెండుగా చీల్చలేదు. చీలిక తెచ్చింది 1790 జులై 12న చేసిన చట్టం. బిషప్పుల పీఠాలను 130కి పైబడిన సంఖ్య నుంచి 83కు తగ్గించి, బిషప్పునూ విచారణ గురువునూ ఓటర్లే ఎన్నుకోవాలని, గురువులందరూ ప్రభుత్వ జీతం మీద ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. నవంబరు 27న మరో అడుగు ముందుకు వేసి, దీనికి కట్టుబడి ఉంటామని గురువులు బహిరంగంగా ప్రమాణం చేయాలని జాతీయ సభ ఆదేశించింది. 1791 వసంతంలో పోపు ఆరవ పయస్ ఆ చట్టాన్ని ఖండించారు. అప్పటివరకు మంచి పౌరుడిగానూ మంచి కథోలికుడిగానూ ఒకేసారి బతకగలిగిన మనిషి, ఆ ప్రమాణంతో రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. విచారణ గురువుల్లో సుమారు సగం మంది ప్రమాణం చేశారు, బిషప్పుల్లో చేసినవారు ఏడుగురే.

ఈ ఘట్టం టోక్విల్ పుస్తకంలో లేదు, ఎందుకంటే అది 1789 గుమ్మం దగ్గరే ఆగుతుంది. తరువాతి భాగం పూర్తి కాకుండానే 1859లో ఆయన కన్నుమూశారు. బర్క్ పుస్తకమేమో 1790 నవంబరులోనే, అంటే ప్రమాణాలకు ముందే వెలువడింది. కుట్ర గురించి బర్క్ చెప్పినదాన్ని నేను అంగీకరించను. కాని ఆస్తి పోయిన చర్చి ప్రభుత్వ ఖజానా మీద ఆధారపడి స్వతంత్రత కోల్పోతుందన్న ఆయన ఆందోళనను మాత్రం తేలిగ్గా తీసివేయలేం. ఈ రెండు పుస్తకాల మధ్య మిగిలిన ఖాళీని తిమోతీ టాకెట్ 1986లో ప్రచురించిన అధ్యయనం పూరిస్తుంది. ఏ జిల్లాలో ఎందరు ప్రమాణం చేశారో, ఎందుకు చేశారో లెక్క తీసి పటాలు గీసిన పుస్తకం అది. గురువు నిర్ణయం వెనుక అతని మనస్సాక్షితోపాటు అతని ఊరి అభిప్రాయం కూడా ఉందని అందులో స్పష్టంగా కనిపిస్తుంది. 1791 నాటి ఆ పటానికీ, ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో ఎక్కడెక్కడ జనం క్రమం తప్పక చర్చికి వెళ్లేవారో చూపే పటానికీ ఉన్న పోలిక నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

ప్రశ్న: విక్టర్ హ్యూగో 1874లో రాసిన ‘తొంభై మూడు’ నవల ఇంగ్లీషు అనువాదంలో చదివాను. జమీందారీ భారాల నుంచి తమను విముక్తం చేసిన విప్లవం మీదే వాందే రైతులు ఆయుధాలు ఎందుకు ఎత్తారు? హ్యూగో వారికి న్యాయం చేశారా?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: పైన చెప్పిన ప్వాటూలోని పశ్చిమ భాగమే వాందే. 1789లో విప్లవం వైపు మొదట నడిచిన గురువులను పంపిన ఆ ప్రాంతమే నాలుగేళ్ల తర్వాత విప్లవానికి ఎదురుతిరిగింది. 1793 ఫిబ్రవరిలో మూడు లక్షల మందిని సైన్యంలోకి తీసుకోవాలని పారిస్ ప్రభుత్వం ఆదేశించడం తక్షణ కారణం. అయితే అసంతృప్తి అంతకుముందే పేరుకుపోయింది. అమ్మకానికి వచ్చిన చర్చి భూముల్లో ఎక్కువ భాగం పట్టణ ధనవంతుల చేతికి వెళ్లింది. ప్రమాణం చేయని పాత గురువును వెళ్లగొట్టి, ఊరికి ముక్కూ మొహం తెలియని కొత్త గురువును తెచ్చిపెట్టారు. పుట్టినప్పుడు బాప్తిస్మం ఇచ్చి, పెళ్లి జరిపించి, చావుకు ప్రార్థన చేసే మనిషిని ప్రభుత్వం మార్చినప్పుడు, కొత్త రాజ్యం ఆ రైతుకు మొదటిసారి తన గడపలోకి చొరబడిన పరాయి అధికారంగా కనిపించింది. అందుకే వారు యేసు తిరుహృదయం గుర్తును గుండెల మీద కుట్టుకున్నారు, ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే కాతెలినోను సేనానిగా ఎన్నుకున్నారు. పట్టణానికీ పల్లెకూ మధ్య పెరిగిన ఈ వైరాన్ని తెలుసుకోవడానికి చార్లెస్ టిల్లీ 1964లో వాందే గురించి ప్రచురించిన పుస్తకం తప్పక చదవండి.

హ్యూగో తండ్రి గణతంత్ర సైన్యంలో ఉండి వాందేలో పోరాడారు, తల్లి నాంత్ నగరానికి చెందినవారు. ఆ యుద్ధం ఆయనకు ఇంటి కథే. అయినా ఆయన నవలలో రైతులు ఎక్కువగా అడవి చీకట్లలోంచి వచ్చిన అజ్ఞానులుగానే కనిపిస్తారు. అది వారికి అన్యాయమని నా అభిప్రాయం. వారి విశ్వాసం వెనుక ఉన్న ఊరినీ, ఇరుగుపొరుగునీ, కోపానికి ఉన్న కారణాలనూ ఆయన లోతుగా చూడలేదు. ఆ లోపానికి పరిహారమా అన్నట్టు సిమూర్దెన్ పాత్రను మాత్రం అద్భుతంగా తీర్చారు. ఒకప్పుడు మతగురువైన ఆ మనిషి విశ్వాసాన్ని వదిలాడు, కాని దానితో వచ్చిన నిష్ఠనూ, క్షమించలేని కాఠిన్యాన్నీ విప్లవంలోకి తనతోనే తెచ్చుకుని, కన్నకొడుకులా పెంచిన గోవెన్‌కు మరణశిక్ష వేస్తాడు. ఆ విప్లవం దేశాల హద్దులు దాటి, మనుషులందరినీ ఉద్దేశించి ప్రబోధిస్తూ, ఒక మతం వ్యాపించినట్టు వ్యాపించిందని టోక్విల్ చెప్పిన మాట ఈ పాత్రలో రక్తమాంసాలతో కనిపిస్తుంది.

హింస విషయంలో ఏ పక్షం పుస్తకం చదివినా రెండో పక్షం చేసినదాన్ని కూడా వెతికి చదవండి. 1793 మార్చిలో మాష్‌కూల్‌లో తిరుగుబాటుదారులు గణతంత్రవాదులను చంపారు. ఆ సంవత్సరం చివర నాంత్‌లో ప్రభుత్వ ప్రతినిధి కారియె ఆధ్వర్యంలో గురువులనూ ఇతర బందీలనూ ల్వార్ నదిలో ముంచి చంపారు. 1794లో గణతంత్ర సేనాని తురో సేనలు ఊళ్లకు ఊళ్లను తగలబెట్టి, పిల్లలను కూడా వదలలేదు.

ప్రశ్న: విప్లవాన్నీ విశ్వాసాన్నీ రెంటినీ వదులుకోని మనుషుల గురించి పుస్తకాలు ఉన్నాయా?
(ఒక పాఠకురాలు, హనుమకొండ)

సమాధానం: ఉన్నాయి, పైగా నాకు అన్నింటికంటే ఇష్టమైనవి అవే. ముందుగా గ్రెగ్వార్ జీవితం తెలుసుకోండి. లొరైన్‌లోని ఒక చిన్న ఊరి విచారణ గురువైన ఆయన 1790 డిసెంబరు 27న సభలో ముందుగా ప్రమాణం చేశారు. యూదుల పౌరహక్కుల కోసం, నల్లజాతి బానిసల విముక్తి కోసం వాదించారు. 1793 నవంబరులో పారిస్ బిషప్పు గోబెల్ సభ ముందు తన పదవిని వదులుకున్నప్పుడు, గ్రెగ్వార్‌ను కూడా అలాగే చేయమని ఒత్తిడి తెచ్చారు. క్రైస్తవాన్ని త్యజించినవారికి చప్పట్లు, కాదన్నవారికి మరణభయం ఉన్న ఆ రోజుల్లో ఆయన నిరాకరించారు, గణతంత్రాన్నీ విడవలేదు.

ఇక సామాన్యుల గురించి సుజాన్ డెసాన్ 1990లో ప్రచురించిన పుస్తకాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. యొన్ జిల్లాలో విప్లవ ప్రభుత్వం తెచ్చిన కొత్త పంచాంగంతో పది రోజుల వారం వచ్చి ఆదివారం మాయమైన తర్వాత, గంటలు దింపి చర్చిలు మూసిన తర్వాత, ఊరివాళ్లు ఏం చేశారో ఆమె చెబుతారు. గురువు లేని చోట బడిపంతులే ముందు నిలబడి ప్రార్థనలు చదివాడు. తాళాలు తీయమని గుంపుగా వెళ్లినవారిలో స్త్రీలే ముందున్నారు. అధికారులకు పెట్టుకున్న అర్జీల్లో వారు రాజును తిరిగి తెమ్మని అడగలేదు. ఆరాధనా స్వేచ్ఛను మీ చట్టమే మాకు ఇచ్చింది కదా, ప్రజలే సార్వభౌములని మీరే చెప్పారు కదా అని విప్లవం నేర్పిన వాదనతోనే తమ చర్చిని అడిగారు. నెపోలియన్ 1801లో పోపుతో ఒప్పందం కుదుర్చుకోవడానికి చాలా ముందే, 1795 నుంచి ఎన్నో ఊళ్లలో ఆరాధన ఇలా తిరిగి మొదలైంది. ఒప్పందాల చరిత్ర రాసేవారు తరచు వదిలేసే విషయం ఇది. టాకెట్ పుస్తకం ముందు చదివి దీన్ని తర్వాత చదివితే, యొన్ లాంటి జిల్లాలో గురువులు ఎక్కువగా ప్రమాణం వైపు ఎందుకు మొగ్గారో, అక్కడి విశ్వాసులు వాందే దారి ఎందుకు పట్టలేదో మీకు ఇంకా బాగా తెలుస్తుంది.