105 డిగ్రీల కెపాసిటర్ మన 44 డిగ్రీల ఎండకు ఎందుకు పోతుంది?

“కెపాసిటర్ మీద 105 డిగ్రీలని ఉంటుంది, మన ఎండ 44 దగ్గర ఆగుతుంది, మరి వేసవిలోనే పవర్ సప్లైలు ఎందుకు పోతాయి?” అని ఒకరు అడిగారు. పవర్ సప్లై అంటే ఇంటి కరెంటును కెమెరాల లాంటి వాటికి సరిపడేలా మార్చే డబ్బా, కెపాసిటర్ అంటే అందులో కరెంటును నిలకడగా ఉంచే చిన్న డబ్బీ లాంటి భాగం. ఆ 44 వాతావరణ శాఖ వాళ్లు నీడలో కొలిచింది. మీ సప్లై ఉన్న పెట్టెలో ఎంతుందో ఎవరు చూశారు?

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి సీసీ కెమెరాలు పెట్టాను. మే నెలలో రోజూ మధ్యాహ్నం రెండింటికి పదహారు కెమెరాలూ ఆగిపోయేవి. పొద్దు వాలాక వాటంతటవే వచ్చేవి. ఓనరు గారు “రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరాల్లో ఐఆర్ లైట్లు వెలిగితే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి కదయ్యా, అప్పుడు బాగానే ఉంటున్నాయే! నీ వైరింగే తేడా” అన్నారు. నేనూ నమ్మేసి రెండు రోజులు కనెక్టర్లు మార్చుకుంటూ కూర్చున్నా.

మూడో రోజు సరిగ్గా రెండింటికే నిచ్చెన ఎక్కా. పడమటి గోడ మీద సప్లై పెట్టిన ఇనప పెట్టె తలుపు ముట్టుకుంటే వేళ్లు చుర్రుమన్నాయి. మల్టీమీటరు టెంపరేచర్ వైరు లోపల పెడితే 67! బల్లులు దూరతాయని గాలి కంతలకు ఎవరో టేపు కూడా అంటించారు. సప్లై మీద 15 ఆంపియర్లని ఉంది, కానీ అది 50 డిగ్రీల దాకా చెప్పే మాట. 70కి వచ్చేసరికి సగమే వాడుకోవాలి. మా కెమెరాలు పగలే ఎనిమిది లాగుతున్నాయి, అంటే హద్దు అంచునే, అందుకే మధ్యాహ్నం సప్లై ఆగిపోయేది. రాత్రి లోడు పెరిగినా పెట్టె చల్లబడుతుంది కాబట్టి నడిచిపోయేది. వేడికి ఎంత తగ్గించి వాడాలో చూపే ఈ డీరేటింగ్ గ్రాఫు, కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో, అంటే డేటాషీట్‌లో ఉంటుంది. అమ్మినవాణ్ణి అడిగితే “అదేంటన్నా?” అన్నాడు.

సప్లై విప్పితే కెపాసిటర్ నెత్తి పూరీలా పొంగి ఉంది. 105 దగ్గర దాని ఆయుష్షు 2000 గంటలు, అంటే మూడు నెలలు కూడా కాదు. పది డిగ్రీలు తగ్గిన కొద్దీ రెట్టింపవుతుంది. పెట్టే 67 ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నలిగే కెపాసిటర్ 85కి తక్కువ ఉండదు. లెక్కేస్తే 8000 గంటలు, పదకొండు నెలలు. వేసవిలో పోయే సప్లైల్లో పదికి తొమ్మిది ఇలాంటివే, నన్నడిగితే.

పెట్టెను ఉత్తరపు గోడకు మార్చి, టేపు పీకేసి, కెమెరాలను రెండు సప్లైలకు పంచాను. మళ్లీ ఫోను రాలేదు. లోపల మిర్చి టిక్కీలకేమో చల్లదనం, ఇరవై నాలుగు గంటలు పనిచేసే వస్తువుకేమో ఎండలో ఇనప పెట్టె! దుమ్ము పడుతుందని వైఫై రౌటరు మీద అల్లిక గుడ్డ కప్పేవాళ్లు కూడా ఉన్నారు. ముందు అది తీసేయండి బాబూ.