ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే... తెలుగు ఫాంట్లపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: గూగుల్ ఫాంట్స్ నుంచి రామభద్ర ఫాంట్ దించుకున్నాను. నోట్‌ప్యాడ్‌లో చక్కగా కనిపిస్తోంది. అదే మేటర్ ఫోటోషాప్‌లో పేస్ట్ చేస్తే ‘స్త్రీ’ అన్న మాట అక్షరాలు, పొల్లులు విడివిడిగా వస్తోంది. ఫాంట్ పాడైందంటారా?
– ఫ్లెక్సీ డిజైనర్, ఖమ్మం

జవాబు: ఫాంట్ బాగానే ఉంది. నోట్‌ప్యాడ్‌లో సరిగ్గా వచ్చిందంటేనే ఆ సంగతి తేలిపోయింది. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంకేతం కేటాయించే ప్రపంచవ్యాప్త పద్ధతిలో) ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని వరుసగా ఆరు సంకేతాలు. ఏ ఒత్తు ఎక్కడ పడాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో చెప్పే నియమాలు ఫాంట్ ఫైల్‌లోనే ఉంటాయి. వాటిని చదివి అమలు చేయాల్సింది మాత్రం సాఫ్ట్‌వేర్. మీ ఫోటోషాప్ ఇంగ్లిష్ అమరికలో ఉండటం వల్ల ఆ నియమాల జోలికి పోవడం లేదు. ఫాంట్ తీసేసి మళ్లీ ఎక్కించినా ఫలితం ఉండదు.

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో టైప్ తెరవండి. టెక్స్ట్ ఇంజిన్ ఎంపికల్లో ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ ఎంచుకోండి. కాస్త పాత వెర్షన్లలో దీన్నే ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అంటారు. ఫోటోషాప్ మూసి మళ్లీ తెరవండి. చాలామంది ఇక్కడితో ఆపేసి ‘అయినా మారలేదు’ అంటుంటారు. ముందే టైప్ చేసి ఉన్న లేయర్లు వాటంతట అవి మారవు. ఒక్కో టెక్స్ట్ లేయర్‌ను ఎంచుకుని, పారాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో కూడా వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టాలి. ఇటీవలి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో ఆ ఎంపిక కనిపించకపోతే నేరుగా ఈ ప్యానెల్‌కే వెళ్లండి.

ఇలస్ట్రేటర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ భాగంలో ‘షో ఇండిక్ ఆప్షన్స్’కు టిక్ పెట్టి, ఆ తర్వాత పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో ‘అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ కావాలి. దాన్ని పేరా పేరాకూ మార్చుకుంటూ కూర్చోకుండా, పారాగ్రాఫ్ స్టైల్‌లోని జస్టిఫికేషన్ భాగంలో ఒక్కసారి పెట్టేయండి. పుస్తకమంతా దారికొస్తుంది.

ప్రశ్న: పదేళ్ల నాటి అను ఫాంట్ల మేటర్ ఉంది. మొత్తం సెలెక్ట్ చేసి మండలి ఫాంట్‌కు మారిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ఎందుకు?
– డీటీపీ ఆపరేటర్, తెనాలి

జవాబు: ఎందుకంటే ఆ ఫైల్‌లో ఉన్నవి నిజంగానే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు. అను ఫాంట్ వాటి స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చింది. ఫాంట్ మార్చగానే ఆ ముసుగు తొలగిపోతుంది. మండలి యూనికోడ్ ఫాంట్ కాబట్టి మేటర్‌నే యూనికోడ్‌కు మార్చాలి. దీనికి కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చే ముందు మేటర్‌లోని అసలైన ఇంగ్లిష్ మాటలను, ఈమెయిల్ చిరునామాలను పక్కకు తీసిపెట్టుకోండి. లేకపోతే కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని కలగాపులగం చేస్తుంది. మార్చాక అంకెలు, కొటేషన్ గుర్తులు, రెండు ఒత్తులున్న అక్షరాలు తప్పనిసరిగా చదివి చూడాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. పాత ఫైల్‌ను మాత్రం చెరిపేయకండి, సరిచూసుకోవడానికి అదే ఆధారం.

ప్రశ్న: విండోస్‌లో అనేక్ తెలుగు ఇన్‌స్టాల్ చేశాను. కోరల్‌డ్రాలో ఫాంట్ల జాబితాలో లేదు.
– శుభలేఖల ముద్రణ, రాజమహేంద్రవరం

జవాబు: రెండు కారణాలు ఉండొచ్చు. విండోస్ 10లో మామూలుగా ‘ఇన్‌స్టాల్’ నొక్కితే ఫాంట్ మీ యూజర్ ఖాతా వరకే చేరుతుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ వెతకవు. జిప్ ఫైల్‌ను ముందు విప్పి, ఫాంట్ ఫైల్‌పై కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి. కోరల్‌డ్రాను మూసి తెరవండి.

రెండోది, అనేక్ తెలుగు వేరియబుల్ ఫాంట్. సన్నం నుంచి లావు వరకు అన్ని రూపాలూ ఒకే ఫైల్‌లో ఉంటాయి. పాత సాఫ్ట్‌వేర్లకు అది అర్థం కాదు. అదే జిప్‌లో ‘స్టాటిక్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులోంచి మీకు కావాల్సిన రెగ్యులర్, బోల్డ్ వంటివి మాత్రం ఎక్కించుకోండి. ఒత్తులు కూడా సరిగ్గా రావాలంటే కోరల్‌డ్రా కనీసం ఎక్స్6 అయి ఉండాలి.

ప్రశ్న: పోస్టర్‌లో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతున్నాయి. పైగా అక్షరాలకు అవుట్‌లైన్ వేస్తే లోపల అడ్డగీతలు కనిపిస్తున్నాయి.
– విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఆటో లీడింగ్, అంటే వరుసకూ వరుసకూ మధ్య దానంతటదే పడే దూరం, అక్షరం సైజుకు 120 శాతం. ఒత్తుల్లేని ఇంగ్లిష్‌కు అది చాలు, తెలుగుకు చాలదు. 20 పాయింట్ల అక్షరానికి 28 నుంచి 30 పాయింట్ల లీడింగ్ ఇచ్చి చూడండి. ‘రాష్ట్రం’ వంటి మాట కింద ‘కీర్తి’ వంటి మాట పడిన చోట ఖాళీ ఉందంటే మిగతా పేజీకి భయం లేదు. చోటు సరిపోలేదని ట్రాకింగ్‌ను (అక్షరాల మధ్య ఎడాన్ని) మైనస్‌లోకి తగ్గించకండి, పక్కపక్క ఒత్తులు గుద్దుకుంటాయి. బోల్డ్ లేని ఫాంట్‌కు ఫోటోషాప్‌లో ఫాక్స్ బోల్డ్ (కృత్రిమంగా లావు చేసేది) పెట్టినా అక్షరాల లోపలి సున్నాలు పూడుకుపోతాయి. దానికన్నా రామభద్ర లాంటి లావు ఫాంట్ ఎంచుకోవడమే మేలు.

ఇక అడ్డగీతల సంగతి. గుడి, తలకట్టు, కొమ్ము చాలా ఫాంట్లలో వేరే బొమ్మలుగా ఉండి, అసలు అక్షరం మీదకు కొంచెం ఎక్కి కూర్చుంటాయి. నింపిన రంగులో ఆ అతుకు తెలియదు, గీత గీస్తే బయటపడుతుంది. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కి అక్షరాలను ఆకారాలుగా మార్చి, పాత్‌ఫైండర్‌లో యునైట్ కొట్టండి. ఆ తర్వాతే స్ట్రోక్ (అవుట్‌లైన్) వేయండి. కోరల్‌డ్రాలో ఇదే పని కంట్రోల్ క్యూ, ఆపైన వెల్డ్. ఇలా మార్చాక అక్షరదోషం దిద్దడానికి వీలుండదు. కాబట్టి ప్రూఫ్ చూడటం పూర్తయ్యాకే, ఫైల్‌ను మరో పేరుతో సేవ్ చేసుకుని ఆ కాపీ మీద చేయండి. ప్రెస్‌కు పంపాల్సింది కూడా ఆ కాపీనే. అప్పుడు వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా ముద్రణ మారదు.