ఐదో ముక్కగా రాజు పడితే జ్ఞానోదయమా?

చిరంజీవికి,

నీ కథ అందింది. భాష బాగుంది. ఇక నా చిరాకు సంగతి చెబుతాను.

సేవానిధి కోసం జరిగే పోకర్ టోర్నమెంటులో నీ కథానాయకుడు ఆసుల జత చూసుకుని, ఉన్న చిప్స్ అన్నీ ముందుకు తోస్తాడు. ఎదుటివాడి దగ్గర రాజుల జత ఉంది. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా పరిచే ఐదు ముక్కల్లో నాలుగు పడేదాకా గెలుపు మనవాడిదే. ఐదో ముక్కగా రాజు పడుతుంది; మూడు రాజుల ముందు ఆసుల జత ఓడిపోతుంది. అంతటితో అతనికి బతుకు క్షణభంగురమని బోధపడి, పేజీన్నర తత్త్వం మాట్లాడతాడు. అప్పటికి బయటపడని ముక్కలు 44, వాటిలో రాజులు రెండు; అంటే సగటున 22 సార్లకు ఒకసారి జరిగేదే. ఆడేవాళ్లు విసుక్కుని కుర్చీ వదిలి లేస్తారు. జ్ఞానోదయం అంత చవగ్గా దొరకదు.

పాత్రకు కలిగిన ఎరుకను దాని నోటితోనే చెప్పించకూడదన్నది నా మొండిపట్టు. కథ చివర సందేశం లేకపోతే నిద్రపట్టని సంపాదకుడొకాయన, నా తొలి కథల్లో ఒకదానికి తానే నీతి పేరా అతికించి అచ్చు వేశాడు. ఆ పేరాను మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. కథ ఊసెత్తినవాళ్లు లేరు. ఆ జాడ్యమే ఇప్పుడు 'పాజిటివ్ ముగింపు' అనే పేరుతో తిరుగుతోంది.

నన్ను కదిలించిన మనిషిని మాత్రం నువ్వు నాలుగు వాక్యాల్లో వదిలేశావు. ఫ్లష్ అంటే ఏమిటని పక్కవాళ్లను అడుగుతూ, ఎలాంటి ముక్కలొచ్చినా పందెం కడుతూ, చిప్స్ అయిపోగానే నవ్వుతూ పర్సు తెరిచి రీబై చేసే, అంటే డబ్బు కట్టి మళ్లీ చిప్స్ కొనుక్కునే ఆ పెద్దావిడ సంగతి చెబుతున్నాను. నీ కథలో రీబై సొమ్మంతా నిధికే పోతుంది కనుక, ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఓడిన మనిషే అందరికన్నా ఎక్కువ ఇచ్చింది. మనవాడేమో డబ్బుకు మారని ప్లాస్టిక్ బిళ్లలను రంగుల వారీగా పేర్చి, అంచులు సరిచేసి, మాటిమాటికీ లెక్కపెట్టుకుంటాడు. ఆ ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టు. ఆవిడ పర్సు తీస్తున్నప్పుడు అతని వేళ్లు ఏం చేస్తున్నాయో రాయి; అతనికి ఏం తెలిసొచ్చిందో పాఠకుడే తేల్చుకుంటాడు.

ఏ పత్రికకు పంపాలో, కలం పేరు కావాలో వద్దో అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ఇంకొకటి. కథ పొడుగునా బ్లైండ్స్‌ను, అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టి తీరాల్సిన చిప్స్‌ను, ఒకే స్థాయిలో ఉంచావు. టోర్నమెంటులో నిర్ణీత వ్యవధికోసారి అవి పెరుగుతాయి. అందుకే మంచి ముక్కలు పడేదాకా కదలనని భీష్మించినవాడి చిప్స్ ఒక్క పందెమూ ఓడకుండానే కరిగిపోతాయి. నీ కథానాయకుడి పిసినారితనం బయటపడే చోటు అదే. రాజు పడే ఘట్టం కొట్టేసి, అక్కడి నుంచి తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.