మీ ప్రశ్న, మాస్టారి జవాబు: గుంటూరు ఆకాశంలో గీత, సిడ్నీలో 240 కిలోలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలవే. "మాస్టారూ, ఒక్క ముక్కలో చెప్పండి, ఏ ఆప్షన్ పెట్టమంటారు?" అని అడుగుతారు. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్సు చెప్పినవాణ్ణి. ఆ ఒక్క ముక్కా ముందే చెప్పేస్తాను. కానీ దాని వెనక ఉన్నది కూడా చెప్పకుండా వదలలేను, ఓపిక పట్టండి.

ప్రశ్న: హీలియంను కనుగొన్నది ఎవరు? ఒక గైడులో జాన్సెన్ అని ఉంది, ఇంకో గైడులో లాకయర్ అని ఉంది. మోడల్ టెస్టులో జాన్సెన్ పెడితే మార్కు పోయింది.
(గ్రూప్-2 అభ్యర్థి, నరసరావుపేట)

ఒక్క పేరే పెట్టమంటే లాకయర్ పెట్టు నాయనా. అయితే నీ మార్కు పోయిన ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలుసా? మీ ఊరికి బస్సులో గంటన్నర దూరంలో, గుంటూరులో.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ మన దేశం మీదుగా పోయే దారిలో గుంటూరు, మచిలీపట్నం రెండూ ఉన్నాయి. ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ పరికరాలన్నీ మోసుకుని గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. మనకు ఆగస్టు అంటే వానాకాలం. ఒక్క మబ్బు అడ్డం వచ్చినా సముద్రాలు దాటి వచ్చిన శ్రమంతా నీళ్లపాలే. మబ్బు అడ్డం రాలేదు. సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా పూర్తిగా కప్పబడి ఉన్నాడు.

అప్పుడు సూర్యబింబం అంచున ఎర్రటి జ్వాలలు బయటపడతాయి. వాటి వెలుగును వర్ణపటదర్శినిలోంచి, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరంలోంచి, చూస్తే జాన్సెన్‌కు మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువు అన్నమాట. గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తోచింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలోనే చూశాడు కూడా. అంతవరకు సూర్యజ్వాలలను చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. ఆ ఎదురుచూపు గుంటూరులో ముగిసింది. నా లెక్కలో జాన్సెన్ అసలు గొప్పతనం ఇదే, హీలియం కాదు.

మచిలీపట్నంలో పాగ్సన్ ఒక పసుపు గీతను గమనించి, అది సోడియం గీత ఉండే చోటో, దాని పక్కనో ఉందని రాసుకున్నాడు. ఆ "పక్కనో" అన్న మాటలోనే హీలియం దాగి ఉంది.

వేడెక్కిన వాయువులో ప్రతి మూలకానికీ తన సొంత గీతలు ఉంటాయి. సోడియం గీత అంటే ఏమిటో మీరే చూడొచ్చు. స్పిరిట్ ల్యాంపు మంటలో చిటికెడు ఉప్పు వేస్తే మంట పసుపుపచ్చగా మారుతుంది. ఏటా తొమ్మిదో తరగతి వాళ్లకు కిటికీలు మూసేసి చూపించేవాణ్ణి. గదంతా పసుపు కమ్మితే వెనక బెంచీల వాళ్లు కూడా లేచి నిలబడేవారు. ఆ పసుపులో రెండు గీతలు ఉంటాయి, 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. సూర్యుడి జ్వాలల్లోని పసుపు గీత 587.6 దగ్గర ఉంది. దగ్గరి సోడియం గీతతో తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. సోడియమే అనుకుని వదిలేయడం చాలా తేలిక.

ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకయర్ వదల్లేదు. అదే ఏడాది అక్టోబరు 20న, గ్రహణం లేకుండానే, ఆయనా జ్వాలల వర్ణపటం పట్టాడు. ఆ పసుపు గీత సోడియంతో కలవడం లేదని, భూమ్మీద తెలిసిన మరే మూలకంతోనూ కలవడం లేదని తేల్చాడు. సూర్యుడిలో కొత్త మూలకం ఉందన్నాడు. గ్రీకులో సూర్యుణ్ణి 'హీలియోస్' అంటారు, పేరు అక్కణ్ణుంచి వచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి వచ్చిన వాయువులో అదే పసుపు గీతను చూపించాక గానీ వాదన తీరలేదు.

ఇంకో సంగతి. జాన్సెన్ ఉత్తరం, లాకయర్ ఉత్తరం పారిస్ సైన్సు అకాడమీకి ఒకే రోజు అందాయి. ఎవరు ముందన్న తగువు పెట్టుకోకుండా, ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం ఒకటి వేయించింది ఫ్రాన్సు ప్రభుత్వం. పేపరు తయారుచేసే పెద్దలకు నా విన్నపం. ఈ బిట్టు ఇవ్వదలిస్తే "కొత్త మూలకమని ప్రతిపాదించినది ఎవరు?" అని స్పష్టంగా అడగండి. పిల్లవాడి తప్పు లేకుండా మార్కు పోకూడదు.

ప్రశ్న: చార్మినార్ మీద గడియారాలు కులీ కుతుబ్ షా పెట్టించినవేనా?
(ఏడో తరగతి విద్యార్థి, సిద్దిపేట)

కాదు బాబూ. చార్మినార్ కట్టింది 1591లో. గడియారాలు పెట్టింది 1889లో, నిజాముల కాలంలో. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాయి.

ప్రశ్న: కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిందని చదివాం. మా జిమ్‌లో ఆడపిల్లలు 240 ఎత్తడం అబద్ధం అంటున్నారు.
(డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస)

మల్లీశ్వరి గారి ప్రాంతం నుంచే ఈ ప్రశ్న రావడం నాకు బాధగా ఉంది తల్లీ. నీ మీద కాదు, ఆ మాట అన్నవాళ్ల మీద.

240 అనేది ఒక్కసారి ఎత్తిన బరువు కాదు, రెండు ఎత్తుల మొత్తం. మొదటిది స్నాచ్, అంటే నేల మీది నుంచి ఒకే ఊపులో తల మీదికి. అందులో ఆమె 110 కిలోలు ఎత్తింది. రెండోది క్లీన్ అండ్ జెర్క్, అంటే ముందు భుజాల మీదికి, ఆగి, తర్వాత తల మీదికి. అందులో 130. వెరసి 240. ఆమె పోటీపడింది 69 కిలోల విభాగంలో. అంటే తన ఒంటి బరువుకు దాదాపు రెట్టింపు భుజాల మీద నిలిపి, పైకి లేపింది. మీ జిమ్‌లో అబద్ధం అన్నవాళ్లను ఒక్కసారి 110 తల మీదికి ఎత్తి చూపించమను.

అది 2000 సెప్టెంబరు 19, సిడ్నీ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. అంతకుముందు 1994లో, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. సిడ్నీలో మన దేశానికి దక్కింది ఆ ఒక్క కాంస్యమే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె.

ఆ రోజు లెక్క చూస్తే ఇప్పటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది. బంగారం గెలిచిన చైనా లిఫ్టరుదీ, వెండి గెలిచిన హంగరీ లిఫ్టరుదీ మొత్తం 242.5 కిలోలే. ఒంటి బరువు తక్కువున్నందుకు చైనా అమ్మాయికి బంగారం ఇచ్చారు. మల్లీశ్వరి 130 తర్వాత చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించుకుంది. నిలిచి ఉంటే మొత్తం 247.5, బంగారం ఆమెదే. నిలవలేదు. "ఇంకో రెండున్నర కిలోలతో సరిపెట్టుకుంటే పోయేదిగా" అని అప్పట్లో స్టాఫ్‌రూమ్‌లో అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. అంత దూరం వెళ్లిన మనిషి బంగారానికే చెయ్యి చాచాలి.

ప్రశ్న: షష్టిపూర్తి అరవై ఏళ్లకే ఎందుకు చేస్తారు అని మా మనవడు అడిగాడు. "సంవత్సరాలు అరవై కదా" అన్నాను. "అరవై ఎందుకు?" అన్నాడు.
(గృహిణి, బెంగళూరు)

మనవడు గట్టివాడమ్మా! జవాబు ఆకాశంలో ఉంది. బృహస్పతి రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు, శని చుట్టి రావడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. 12కీ 30కీ కనిష్ఠ సామాన్య గుణిజం 60. గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు తిరిగేసరికి ఇద్దరూ మళ్లీ ఇంచుమించు మొదట ఉన్నచోటికే వస్తారు. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లకు ఆధారం ఇదే. 2026 ఉగాదికి మొదలయ్యే పరాభవ, ఇంతకుముందు వచ్చింది 1966లో. మనిషి తాను పుట్టిన సంవత్సరం పేరును మళ్లీ చూడటమే షష్టిపూర్తి.

మనవడు ఇంకా తవ్వితే ఇదీ చెప్పండి. అసలు లెక్క గురుడికి 11.86 ఏళ్లు, శనికి 29.46. కాబట్టి ఐదు చుట్లు 59.3, రెండు చుట్లు 58.9 అవుతాయి. సరిగ్గా అరవై కాదు. దూరదర్శిని లేకుండా, కంటితో చూసి, తరాల తరబడి గుర్తుపెట్టుకుని అంత దగ్గరికి వచ్చిన పెద్దలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ప్రశ్న: షటిల్‌కు ఎన్ని ఈకలు?
(బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం)

పదహారు. బరువు 4.74 గ్రాముల నుంచి 5.50 గ్రాముల లోపు ఉండాలి. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచింది ఆ ఐదు గ్రాములతోనే.

ప్రశ్న: యల్లాప్రగడ సుబ్బారావుకు నోబెల్ ఎందుకు రాలేదు?
(నర్సింగ్ విద్యార్థిని, భీమవరం)

మందుల పరిశోధనలో పేరున్న ఆ శాస్త్రవేత్త 1895లో పుట్టింది మీ భీమవరంలోనే. 1948లో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ బతికున్నవాళ్లకిచ్చే బహుమతి. పైగా పేరు ముందుకు తోసుకునే మనిషి కాదు. 1945లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీని ప్రకటించిన వ్యాసంలో 16 మంది పేర్లున్నాయి. బృందాన్ని నడిపించిన ఆయన పేరు ఆ వరుస మధ్యలో ఎక్కడో ఉంటుంది.

నోబెల్ సంగతి పక్కన పెట్టి, నీ వార్డులో వెతుకు అమ్మా. గర్భిణులకు ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్రలో ఆయన పని ఉంది. కండరానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో హార్వర్డులో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి గుర్తించారు. పిల్లల రక్తక్యాన్సరు మీద 1947-48లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ప్రయోగించి ఫలితం చూసిన అమినోప్టెరిన్ అనే మందు, ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచే వెళ్లింది. ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

అన్నింటికంటే నాకు దగ్గరిది ఇంకొకటి ఉంది. మా అమ్మకు ఎడమ కాలికి బోదకాలు. చీర కుచ్చిళ్లు కాలు కనపడకుండా కిందికి దించి కట్టుకునేది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది. బోదకాలు క్రిముల మీద ఇచ్చే డీఈసీ మాత్ర, డైఇథైల్ కార్బమజైన్, సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే 1947 నాటికి బయటికొచ్చింది. వాచిపోయిన కాలును అది మామూలుగా చేయలేదు. రక్తంలో తిరిగే క్రిమి పిల్లలను చంపి, దోమ ద్వారా ఇంకొకరికి పాకకుండా ఆపుతుంది. అమ్మ మంచాన పడ్డాక కూడా, ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వస్తే నన్నూ చెల్లెళ్లనూ పిలిచి తన ఎదురుగా మింగించేది. మింగామా లేదా అని నోరు తెరిపించి చూసేది.

(కలమళ్ల శాసనం గురించి బాపట్ల పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చే సంచికలో.)