ఊరి ఆదాయం చూసి ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో అద్దెకు ఉంటున్నాం. అద్దె నెలకు 2,300 డాలర్లు. మావారు హెచ్1బీ (కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా) మీద ఒక కన్సల్టింగ్ కంపెనీలో పనిచేస్తున్నారు, ఏడాదికి 1,20,000 డాలర్లు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. నేను హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను, నాకు 75,000. బాబు ఒకటో తరగతికి వస్తున్నాడు. 1,40,000 డాలర్లు దాచుకున్నాం. 6,50,000 డాలర్ల ఇల్లు ఒకటి బాగా నచ్చింది. "ఈ ఊళ్ళో మీడియన్ ఆదాయమే లక్షా నలభై అయిదు వేలు. మీకు అంతకంటే యాభై వేలు ఎక్కువే వస్తోంది, ఇంకా ఆలోచన ఎందుకు?" అని ఏజెంటు అంటున్నారు. డౌన్‌పేమెంట్ కట్టేస్తే మా చేతిలో ఏమీ మిగలదు. అందుకని, రిటైరైన మా నాన్నగారు తెనాలి దగ్గరి స్థలం అమ్మి 30 లక్షలు పంపిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ ఇల్లు ఇప్పుడు వద్దు. నాన్నగారి స్థలం జోలికి అసలే వెళ్ళొద్దు. అసలు ఇల్లే కొనవద్దని మాత్రం అనడం లేదు.

ఏజెంటు చెప్పిన అంకె అబద్ధం కాదు. ఫ్రిస్కోలో ఒక కుటుంబం మీడియన్ ఆదాయం దాదాపు అంతే ఉంటుంది. అమెరికా మొత్తానికి అది 80 వేల దరిదాపుల్లో ఉంటే, ఈ ఊళ్ళో ఇంచుమించు రెట్టింపు. కానీ ఆ అంకెతో మీరు ఎంత ఇల్లు కొనగలరో తేల్చలేం. మీడియన్ అంటే ఊళ్ళో కుటుంబాలన్నిటినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చే కుటుంబం. ఆ కుటుంబంలో ఎంతమంది సంపాదిస్తున్నారో, ఇల్లు ఎప్పుడు కొన్నారో, వీసా మీద ఉన్నారో పౌరులో, ఇవేవీ ఆ అంకె చెప్పదు.

ఇల్లు ఎప్పుడు కొన్నారన్న దగ్గరే పెద్ద తేడా వస్తుంది. 1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేల చిల్లర. 2000 జనగణనలో 33,714. 2010కి 1,16,989. 2020కి 2,00,509. అంటే మీ పక్క వీధుల్లో ఉన్నవాళ్ళలో చాలామంది పది, పదిహేనేళ్ళ కిందట, ఇళ్ళు చవగ్గా ఉన్నప్పుడు కొన్నారు. 2021లో వడ్డీ మూడు శాతం కిందకు దిగినప్పుడు లోన్ మార్చుకున్నారు. అలాంటి కుటుంబానికి మూడు లక్షల అప్పు ఉంటే నెలకు కట్టేది 1,265 డాలర్లు. మీరు ఇప్పుడు 6.5 శాతానికి 5,20,000 తీసుకుంటే అసలూ వడ్డీ కలిపి 3,287. పైగా సొంతంగా ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ (ఇంటి పన్నులో ఇచ్చే రాయితీ) రాయించుకున్నవాళ్ళకు, పన్ను కోసం లెక్కేసే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగదు. పాతవాళ్ళు ఆ మేరకు కూడా మీకంటే తక్కువే కడుతున్నారు. ఆదాయం ఇద్దరికీ ఒకటే అయినా నెలాఖరుకి మిగిలేది ఒకటి కాదు.

సెన్సస్ వాళ్ళ సైట్‌లో డీపీ03 అని ఒక పట్టిక ఉంటుంది. ఊరి పేరు కొడితే వస్తుంది. ఏజెంట్లు చూపించే ఆదాయం అంకె అందులో చాలా వరసలు దాటాక గానీ రాదు. ముందు ఎంతమంది పనిచేస్తున్నారు, ఆఫీసుకు ఎలా వెళ్తున్నారు, ఏ రకం ఉద్యోగాలు, ఏ రంగాలు అన్న వరసలు ఉంటాయి. మీ ఇద్దరూ కూర్చుని ఆ వరసలు చదవండి. ఫ్రిస్కోలో పనిచేసేవాళ్ళలో సగానికి పైగా మేనేజ్‌మెంట్, టెక్నాలజీ, ఫైనాన్స్ లాంటి ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంటి నుంచే పనిచేసేవాళ్ళ వాటా కూడా పెద్దదే. టొయోటా ప్లేనోకి వచ్చింది, క్యూరిగ్ డాక్టర్ పెప్పర్ ఫ్రిస్కోకే వచ్చింది, బ్యాంకుల పెద్ద క్యాంపస్‌లు టోల్‌వే పొడుగునా ఉన్నాయి. వీటన్నిటికీ సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే కన్సల్టింగ్ కంపెనీల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం వెళితే తెలిసిపోతుంది.

ఇది ఊరికి బలమే. కానీ ఇల్లు కొనేవాళ్ళు దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఒకే రకం ఉద్యోగాల మీద నిలబడ్డ ఊళ్ళో ఆ ఉద్యోగాలు ఊగితే జీతాలూ, ఇళ్ళ ధరలూ కలిసే దిగుతాయి. మీ ఉద్యోగం పోయిన నెలలోనే మీ వీధిలో ఇంకో రెండు ఇళ్ళ ముందు అమ్మకం బోర్డులు లేస్తాయి. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. మీకు కాస్త దక్షిణాన ఉన్న రిచర్డ్‌సన్‌ని ఒకప్పుడు టెలికాం కారిడార్ అనేవారు. 2001లో టెలికాం బుడగ పేలింది, నార్టెల్ లాంటి కంపెనీలు వేలమందిని తీసేశాయి, 2002లో వరల్డ్‌కామ్ దివాలా తీసింది. అక్కడ భార్యాభర్తలిద్దరూ అదే రంగంలో ఉన్న ఇళ్ళకు దెబ్బ రెండింతలు తగిలింది. ఊరు తర్వాత కోలుకుంది. మధ్యలో అమ్ముకోవాల్సి వచ్చినవాళ్ళకు ఆ కోలుకోవడం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకో సంగతి. ఆ పట్టికలోని అంకెలు ఎక్కువగా అయిదేళ్ళ సర్వేల మీద కట్టినవి. ఈ ఏడాది ఎవరి ఉద్యోగం పోయిందో అందులో కనిపించదు. దానికి టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ పెట్టే వార్న్ నోటీసుల జాబితా చూడండి. పెద్ద ఎత్తున తీసివేతలు ఉంటే పెద్ద కంపెనీలు అరవై రోజుల ముందు అక్కడ చెప్పాలి. మీవారు పనిచేసే క్లయింటు పేరు కూడా అందులో వెతకండి. చిన్న కన్సల్టింగ్ కంపెనీలకు ఆ నియమం చాలావరకు వర్తించదు కాబట్టి, మీ విషయంలో ముందుగా కబురు అందేది క్లయింటు వైపు నుంచే.

ఇక మీ ఇంటి లెక్కకు వద్దాం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, ఇన్సూరెన్సు, 401కే (రిటైర్మెంటు పొదుపు) పోను మీ ఇద్దరికీ కలిపి నెలకు సుమారు 11,500 చేతికి వస్తుంది. ఆదాయపు పన్ను వదిలేసిన రాష్ట్రం ఇంటి మీద వసూలు చేసుకుంటుంది. ఊరు, కౌంటీ, స్కూలు, కాలేజీ అన్నీ కలిపి ఫ్రిస్కోలో ఇంటి విలువ మీద పన్ను రేటు 1.7 శాతం దగ్గర ఉంటుంది. స్కూలు పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు 2023లో లక్ష డాలర్లకు, 2025లో 1,40,000కు పెంచారు కాబట్టి కొంత నయం. అయినా ఆ ఇంటికి ఏడాదికి తొమ్మిది పది వేలు వేసుకోండి, అంటే నెలకు 800 దగ్గర. మీ దగ్గర వడగళ్ళ వానలకు ఇంటి కప్పులు ఎలా పాడవుతాయో చూస్తూనే ఉంటారు. అందుకే ఇంటి ఇన్సూరెన్సు నెలకు 350 నుంచి 400 అవుతుంది. హెచ్‌ఓఏ (కాలనీ సంఘానికి కట్టే రుసుము) ఒక 80. అన్నీ కలిపి నెలకు 4,600. రిపేర్లు ఇందులో లేవు.

ఇద్దరి జీతాలు వస్తున్నంతకాలం ఇది మోయగలిగిన బరువే. మీ ఉద్యోగం ఒక్కటే పోయిందనుకోండి. మీవారి జీతంలో చేతికొచ్చేది 7,300 చిల్లర. అందులో 4,600 ఇంటికే పోతే కార్లు, కిరాణా, బాబు ఖర్చులు, అన్నిటికీ 2,700. కష్టం, కానీ కొన్నాళ్ళు లాగొచ్చు.

ఉద్యోగం మీవారిది పోతే? నాకు టెన్షన్ ఇక్కడే. పైకి మీవి రెండు జీతాలు. నిజానికి రెండూ ఒకే మేకుకు తగిలించిన సంచులు. హెచ్1బీ ఉద్యోగం పోతే ఆయనకు గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే ఆయన స్టేటస్‌తో పాటు మీ హెచ్4, దాని మీద మీ ఈఏడీ, దాని మీద మీ 75 వేలు, అన్నీ పోతాయి. మీ కంపెనీకి మీ పని ఎంత నచ్చినా లాభం లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు నిరుద్యోగ భృతి కూడా సాధారణంగా దొరకదు. ఊరి మీడియన్ ఆదాయంలో ఈ మేకు ఎక్కడా కనిపించదు. లోన్ ఇచ్చేవాళ్ళ లెక్కలోనూ దీనికి చోటు లేదు. రెండు జీతాలు కూడి, అప్పులు తీసి, అర్హత ఉందని చెప్పేస్తారు. అర్హత ఉండటం వేరు, తట్టుకోగలగడం వేరు.

అప్పుడు ఇల్లు అమ్మేద్దామంటే కమిషన్లూ ఇతర ఖర్చులూ కలిపి ధరలో ఆరు నుంచి ఎనిమిది శాతం పోతుంది. ఇండియాకి వచ్చేశాక అమ్మితే ఇంకో చిక్కు. మీరు నాన్ రెసిడెంట్ అయిపోయి ఉంటారు కాబట్టి కొనేవాళ్ళు ధరలోంచి 15 శాతం పట్టుకుని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. వాళ్ళు సొంతంగా ఉండటానికే కొంటే, ఈ ధరలో 10 శాతం. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. తర్వాత రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ ఆ డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది.

కాబట్టి నా కొలత ఒకటే. ఇంటికి అయ్యే మొత్తం ఖర్చు మీవారి ఒక్కరి జీతంతో గడవాలి. డౌన్‌పేమెంట్, క్లోజింగ్ (ఇల్లు మీ పేర రాయించుకునేటప్పటి) ఖర్చులు పోయాక కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలి. 6,50,000 ఇంటికి 1,30,000 డౌన్‌పేమెంట్, క్లోజింగ్‌కి ఇంకో పది వేలు పైన. మీ 1,40,000 అక్కడికక్కడే ఖాళీ. నాన్నగారు పంపే 30 లక్షలు డాలర్లలోకి మారిస్తే 34,000 లోపే. ఇంటికి కట్టేదీ, మిగతా ఖర్చులూ కలిపితే అది ఆ ఇంట్లో మీకు నాలుగైదు నెలల ఖర్చు. ఒక జీవితకాలపు ఆస్తి అమ్మి నాలుగైదు నెలలు కొనుక్కోవడం నాకు మనసొప్పడం లేదు.

అదే 4,25,000 దగ్గర టౌన్‌హోమ్ చూడండి. 85,000 కడితే అప్పు 3,40,000, నెలకు 2,150. పన్ను, ఇన్సూరెన్సు, హెచ్‌ఓఏ కలిపినా 3,100 దాటదు. చేతిలో ఇంకా నలభై అయిదు వేలు ఉంటాయి. ప్లేనో, అలెన్, కారల్టన్, మెకిన్నీ పాత భాగాల్లో ఈ ధరకు దొరుకుతాయి. ఇరవై శాతం కన్నా తక్కువ కట్టి కొనమని ఎవరైనా అంటే పీఎంఐ (లోన్ ఇచ్చినవాళ్ళ రక్షణ కోసం మీరు కట్టే బీమా) ఎంత పడుతుందో అడగండి. వీసా మీద ఉన్నవాళ్ళకు 2025 మే నుంచి ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ బీమా ఉన్న) లోన్లు ఇవ్వడం లేదు కాబట్టి మీకున్నది ఆ బీమా లేని కన్వెన్షనల్ లోన్ దారే.

ఇదే ధరకు ప్రిన్స్‌టన్, ఆనా, సెలీనా వైపు కొత్త పెద్ద ఇల్లే వస్తుందని ఏజెంటు అనొచ్చు. వస్తుంది. కానీ అక్కడ మడ్, పిడ్ అని అదనపు వసూళ్ళుంటాయి. రోడ్లు, నీటి పైపులు వేసిన అప్పును ఇళ్ళవాళ్ళ దగ్గర రాబట్టుకుంటారు. అవి కలిస్తే పన్ను రెండున్నర శాతం దాటొచ్చు. ప్రిన్స్‌టన్ జనాభా 2023 జులై నుంచి 2024 జులైలోపే 30 శాతం పెరిగింది, దేశంలో అదే మొదటి స్థానం. నీళ్ళు, రోడ్లు చాలక 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ళ నిర్మాణానికి ఊరే తాత్కాలికంగా బ్రేకు వేసింది. నాకు అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. రెండేళ్ళలో మీరు అమ్మాల్సి వస్తే, పక్క వీధిలోనే బిల్డరు కొత్త ఇంటిని తక్కువ వడ్డీ ఆఫర్‌తో అమ్ముతుంటాడు. మీ పాత ఇంటికి ఎవరొస్తారు?

మరి బాబు స్కూలు అంటారు. ఫ్రిస్కో ఐఎస్‌డీ (అక్కడి ప్రభుత్వ స్కూళ్ళ జిల్లా) కోసమే కొంటున్నారని నాకు తెలుసు. అద్దెకు ఉన్నా బాబు ఆ స్కూలుకే వెళ్తాడు. పైగా ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగి, చిన్నపిల్లలున్న కుటుంబాలు రావడం తగ్గి, ఆ జిల్లాలో కొన్నేళ్ళుగా పిల్లల సంఖ్య దిగుతోంది. సీటు దొరకదన్న బెంగ అక్కర్లేదు.

ఫ్రిస్కోలోనే ఇల్లు కావాలని మీకు గట్టిగా ఉంటే ఒక ఏడాదిన్నర ఆగండి. ఈ నెల నుంచే 4,600 కడుతున్నట్టు అనుకుని, అద్దె పోను మిగిలే 2,300 వేరే ఖాతాలో వేయండి. ఏడాదిన్నరకు 41,000 అవుతుంది. అది నాన్నగారు పంపుతానన్న దానికంటే ఎక్కువ. మధ్యలో ఏ నెలైనా ఆ డబ్బు తీయాల్సి వచ్చిందంటే ఆ ఇల్లు మీకు బరువని తేలిపోతుంది.

చివరగా స్థలం సంగతి. అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, లేదా 2024 జులై 23కు ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఏది తక్కువైతే అది పన్ను కట్టాలి. 30 లక్షలూ ఒక్కరి ఖాతా నుంచి ఒకే ఏడాదిలో పంపితే, పది లక్షలు దాటిన మిగతా 20 లక్షల మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అంటే నాలుగు లక్షలు. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా నాన్నగారు ఆ డబ్బు లేకుండా ఉండాలి. రిటైరైన మనిషికి ఆ స్థలమే ఆరోగ్య బీమా, అదే ధైర్యం. రేపు ఆయనకో అమ్మగారికో ఆపరేషన్ అవసరమైతే మీరు గోడలోంచి ఇటుకలు తీసి పంపలేరు. ఈ వారమే ఫోన్ చేసి స్థలం బేరం పెట్టవద్దని చెప్పండి. బయానా తీసుకుని అగ్రిమెంటు రాసేశాక వెనక్కి తగ్గడం ఆయనకు కష్టమవుతుంది.