సగటు టైమ్ సరైనదే, ప్లాన్ ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మా దగ్గర రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు, ఒక వీఎంసీ (నిలువు మిల్లింగ్ సెంటర్), ఒక సిలిండ్రికల్ గ్రైండర్ ఉన్నాయి. జాబ్‌కు ఇంత అని సగటు టైమ్ వేసి సోమవారం ఎక్సెల్‌లో ప్లాన్ రాస్తే బుధవారానికే తలకిందులవుతోంది. తేడా ఎక్కడ వస్తోంది? - ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: సగటులు నిక్కచ్చిగా ఉన్నా ప్లాన్ తప్పుతుందండీ. ఒక షాఫ్టు, ఒక హౌసింగ్ వేరువేరు మిషన్ల మీద ఒకేసారి ఎక్కాయనుకోండి. ఒక్కోదానికి 6 గంటలు పట్టొచ్చు, 10 పట్టొచ్చు, అవకాశం సగం సగం. సగటు 8. కానీ అసెంబ్లీకి రెండూ కావాలి. రెండూ 6 గంటల్లో అయిపోయేది నాలుగింట ఒకసారే, మిగతా మూడుసార్లూ 10 దాకా ఆగాల్సిందే. అంటే అసెంబ్లీ మొదలయ్యేది సగటున 9 గంటలకు. అలాంటి మూడో భాగం కూడా చేరితే తొమ్మిదిన్నరకు. ముందుగా అయిన భాగం ర్యాక్‌లో కూర్చుంటుంది, ఆలస్యమైనది మాత్రం అందరినీ ఆపుతుంది.

రెండో చోటు మీ గ్రైండర్. జాబ్‌లు వచ్చే తీరూ, పట్టే టైమూ రెండూ బాగా ఎగుడుదిగుడుగా ఉన్న మిషన్ 80 శాతం బిజీగా ఉంటే, వచ్చిన జాబ్ తన వంతు కోసం సగటున 4 జాబ్‌ల టైమ్ ఆగుతుంది. 90 శాతానికి అది 9, 95కి 19. ఈ ఎగుడుదిగుడును సగానికి తగ్గిస్తే నిరీక్షణ అంతకంటే ఎక్కువే తగ్గుతుందని గణిత శాస్త్రవేత్త కింగ్‌మన్ 1961లో ఇచ్చిన సూత్రం చెబుతుంది. గ్రైండర్‌ను ఖాళీ లేకుండా నింపడం గొప్ప అనుకునే యజమానులకు ఈ లెక్క చూపించండి.

జాబ్ కార్డులో ఒకే టైమ్ గడి ఉంటే దాన్ని మూడుగా చీల్చండి: సెట్టింగ్ (జాబ్‌కు మిషన్‌ను సిద్ధం చేయడం), ఫస్ట్ పీస్ ఓకే అయ్యేదాకా ఆగిన టైమ్, ఒక పీసు సైకిల్ టైమ్. సీఎన్‌సీలో సైకిల్ టైమ్ పెద్దగా మారదు. మారేది మొదటి రెండే. సాఫ్ట్ జాలు (పీసును పట్టే మెత్తటి దవడలు) మళ్లీ బోర్ చేయాల్సి రావడం, గేజ్ వేరే మిషన్ దగ్గర ఉండిపోవడం, ఇన్‌స్పెక్షన్ మనిషి ఇంకో షెడ్డులో ఉండటం లాంటివే కారణాలు. కాస్టింగ్ గట్టిగా వచ్చి ఇన్సర్ట్‌లు (టూల్‌కు బిగించే కోత ముక్కలు) త్వరగా పోతుంటే మాత్రం సైకిల్ గడిలోనూ తెలుస్తుంది. అప్పుడు లాట్ నంబర్ కూడా రాయించండి.

ప్రశ్న: ఎవరిని అడిగినా తన ఆపరేషన్‌కు రెండు గంటలు ఎక్కువే చెబుతాడు. అవన్నీ కలిపితే పార్టీకి చెప్పే తేదీ మరీ దూరం వెళ్తోంది. ఎంత కలపాలి?

జవాబు: ఆపరేటర్‌ను ఒక్క అంకె అడగొద్దు, మూడు అడగండి: బాగా జరిగితే, మామూలుగా, చెడితే. 3, 4, 11 గంటలన్నాడనుకోండి. మామూలు అంకెకు నాలుగు రెట్లు తీసుకుని మిగతా రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 5 వస్తుంది. అందరి నోటా వినిపించే 4 కాదు, ప్లాన్‌లో ఈ 5 వేయాలి.

ఆ పైన వేసుకునే మార్జిన్‌ను ఆపరేషన్ ఆపరేషన్‌కూ పంచొద్దు. పంచితే పని ఆ మార్జిన్ నిండేదాకా సాగుతుంది, మిగిలిన టైమ్ ఎవరూ తిరిగివ్వరు. వరసగా నాలుగు ఆపరేషన్లకు తలా 2 గంటలైతే మొత్తం 8. అదే ఉమ్మడిగా డెలివరీ ముందు పెడితే వర్గాలు కూడి (4+4+4+4=16) వర్గమూలం తీసినప్పుడు 4 గంటలు చాలు. కాకపోతే ఈ లెక్క ఆలస్యాలు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే. కరెంటు పోయినా, ఒకే కాస్టింగ్ లాట్ మొత్తం చెడినా నాలుగూ కలిసే జారతాయి, 4 గంటలు సరిపోవు. హీట్ ట్రీట్‌మెంట్‌కు బయటికి పంపే జాబ్‌లను ఇందులో కలపకండి. వాళ్ల ఫర్నెస్ బ్యాచ్ ఏ రోజు పడుతుందో కనుక్కుని ఆ తేదీనే వేయండి.

గ్రైండర్ ముందు మాత్రం సగం షిఫ్టు పని ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అన్నిటికంటే ఇరుకైన ఆ మిషన్ ఖాళీగా నిలిచిన గంట మళ్లీ రాదు.

ప్రశ్న: మిషన్ ఆగిన ప్రతిసారీ మొత్తం ప్లాన్ మళ్లీ వేయాలా? సాఫ్ట్‌వేర్ కొంటే తీరుతుందా?

జవాబు: వద్దు. వరస మార్చకుండా మిగిలిన జాబ్‌లను వెనక్కి జరపండి. డెలివరీ ముందు పెట్టిన మార్జిన్‌లో మూడో వంతు కంటే తక్కువే తింటే వదిలేయండి. మూడింట రెండు వంతులు దాటితేనే వరస మార్చండి. ఈ హద్దులు మీ షాపు తీరును బట్టి సర్దుకోవచ్చు. ఏదేమైనా రాబోయే ఒక షిఫ్టు వరసను కదపొద్దు. సెట్టింగ్ అయిన జాబ్‌ను దింపితే ఆ సెట్టింగ్ టైమ్ రెండుసార్లు కట్టాలి.

మిషన్ దగ్గర సూపర్‌వైజర్‌కు ఒక్క లెక్క చాలు: డెలివరీకి మిగిలిన గంటలను ఆ జాబ్‌లో మిగిలిన పని గంటలతో భాగించడం. 30 గంటల గడువులో 24 గంటల పని ఉంటే 1.25. 20 గంటల్లో 25 గంటల పని ఉంటే 0.8. రెండోదే ముందు ఎక్కాలి. చిన్న జాబ్‌లు ముందు తీసే పద్ధతి సగటును బాగా చూపిస్తుంది కానీ, పెద్ద జాబ్‌లు మూలన పడి ఉంటాయి.

ఇక సాఫ్ట్‌వేర్. పరిశోధకులు ఫిషర్, థాంప్సన్ 1963లో ఇచ్చిన 10 జాబ్‌లు, 10 మిషన్ల లెక్కలో అన్ని జాబ్‌లూ పూర్తవడానికి పట్టే టైమ్ 930 యూనిట్ల కంటే తగ్గదని రుజువైంది 1989లో. అదీ టైమ్‌లు కచ్చితంగా తెలిసిన లెక్క. ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే ఓఆర్-టూల్స్ లాంటివి అంతటి లెక్కను చిటికెలో చేస్తాయి. కానీ అందులో మీరు వేసేది ఆ పాత సగటు టైమే అయితే వచ్చేదీ బుధవారానికి తిరగబడే ప్లానే. ముందు మూడు గడుల కార్డు ఓ రెండు మూడు నెలలు నింపించండి, కొనే సంగతి తర్వాత.